కంద చుట్టాన్ని వెతుక్కుంటూ

గోపాలపట్నంలో రైలు చప్పుడు వినపడని ఇల్లు తక్కువ. సింహాచలం నార్త్ వైపు నుంచి వచ్చే గూడ్సుల్లో కొన్నింటిని చూడగానే గుర్తుపట్టొచ్చు. వ్యాగన్ల ఒంటినిండా ఎర్రదుమ్ము ఉంటుంది. అది బైలదిల్లా కొండల ఇనుప రాయి. ఆ రాయిని జపాన్ ఉక్కు మిల్లులకు చేర్చడం కోసమే 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను వేశారు. అరకు ఘాట్లు దిగి, కొత్తవలస దాటి, గోపాలపట్నం పక్కనుంచి పోర్టుకు చేరి, అక్కడ ఓడెక్కి వెళ్లిపోయేది. అది వెళ్లడం ఊరంతా చూసింది. అటునుంచి ఏం వచ్చిందో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

కిందటి కార్తీకంలో ఆ రాయి వెళ్లిన దిక్కుకే ఈ ఊరి టీచరమ్మ ఒకావిడ వెళ్లింది. పుట్టిల్లు కొవ్వూరు, మెట్టినిల్లు గోపాలపట్నం. పాతికేళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైంది. కూతురు, అల్లుడు, మనవరాలు టోక్యోలో ఉంటారు. మూడు వారాలుండి తిరిగొచ్చేటప్పుడు అందరూ తెచ్చే చాక్లెట్లతో పాటు ఆవిడ సంచిలో మరో పొట్లం కూడా వచ్చింది. అందులో 150 గ్రాముల తెల్లని పొడి. కొంజాక్ దుంప పొడి. జపాను వాళ్లు ‘కొన్యాకు’ అంటారు.

కథ మొదలైంది నిషికసాయ్‌లో. టోక్యో తూర్పున ఎదొగావా వార్డులో ఉన్న ఈ పేట, మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎక్కువగా చేరిన చోటు. స్టేషను బయట నిలబడితే పది నిమిషాల్లో తెలుగు మాట చెవిన పడుతుంది. కరివేపాకు, కందిపప్పు, ఇంగువ అమ్మే కొట్లున్నాయి. అందుకే మొదటి రెండు రోజులూ టీచరమ్మకు దేశం మారినట్టే అనిపించలేదు. రోడ్డు మీద హారన్ వినపడకపోవడం, రైల్లో అంతమంది ఉండి ఒక్కరూ గొంతెత్తకపోవడం మాత్రం వింతగా తోచాయి. ఒకసారి రైల్లో ఫోను మోగితే ఆవిడ అలవాటుగా “ఆఁ, చెప్పండీ” అంది. పెట్టెలో ఎవరూ తలతిప్పి చూడలేదు. అలా చూడకపోవడమే మందలింపు అని కూతురు తర్వాత చెప్పింది.

మూడో రోజు రాత్రి అల్లుడి కంచంలో అన్నానికి బదులు ఏవో గాజు దారాలు కనిపించాయి. అల్లుడికి ఈమధ్యే షుగరు తేలింది. సేమ్యా కాబోలనుకుని టీచరమ్మ తనూ రెండు గరిటెలు వేసుకుంది. నోట్లో పెట్టుకుంటే సేమ్యా కాదు, మైదా కాదు, బియ్యం కాదు. పళ్లకింద కిర్రుమంది, జారింది, తన రుచేమిటో చెప్పకుండానే లోపలికి పోయింది. వాసన మాత్రం ఒకటి మిగిలింది. విశాఖ ఫిషింగ్ హార్బర్ పక్కనుంచి ఆటోలో వెళ్తే వచ్చే వాసన.

“ఇందులో చేపేమైనా కలిసిందా?” అంది, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. పైగా కార్తీకమాసం.

“లేదమ్మా, ఒట్టి దుంప. నీళ్లు, సున్నం, దుంప. అంతే” అంది కూతురు.

మనవరాలు బడి పుస్తకంలోంచి బొమ్మ తీసి చూపించింది. పాము ఒంటిలా మచ్చలున్న ఒకే ఒక్క కాడ, పైన గొడుగులా విచ్చుకున్న ఒకే ఒక్క ఆకు, నేలలో గుండ్రటి దుంప. కొవ్వూరు పిల్లకు ఆ బొమ్మ కింద పేరు చదవాల్సిన పని లేదు. “ఇది కంద కదే!” అంది.

అంది కానీ, సరిగ్గా కంద కాదు. వృక్షశాస్త్రం రెండింటినీ అమార్ఫోఫాలస్ అనే ప్రజాతిలోనే పెట్టింది. మన కంద అమార్ఫోఫాలస్ పియోనిఫోలియస్, వాళ్లది అమార్ఫోఫాలస్ కొంజాక్. గోత్రం ఒకటే, ఇంటిపేర్లు వేరు. పువ్వు పూసినప్పుడు రెండూ కుళ్లు కంపే కొడతాయి, ఈగల్ని పిలవడానికి. పచ్చిగా తింటే రెండూ గొంతు పట్టుకుంటాయి. దుంపలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుండటమే ఆ దురదకు కారణం. తేడా ఎక్కడుందంటే, కందలో ఎక్కువ భాగం పిండి పదార్థం, కొంజాక్‌లో గ్లూకోమన్నన్ అనే పీచు. ఆ పీచు తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పీల్చుకుంటుంది. తయారైన కొన్యాకులో నూటికి 97 పాళ్లు నీళ్లే ఉంటాయి. అల్లుడు రాత్రిపూట తింటున్నది గట్టిపడిన నీళ్లన్నమాట.

అంత దూరం వెళ్లి చెర్రీ చెట్ల కోసమో, ఫూజీ కొండ కోసమో కాకుండా కంద చుట్టాన్ని చూడ్డానికి బయల్దేరే మనుషులు అరుదు. కూతురు శనివారం సెలవు చూసుకుని తల్లినీ, పిల్లనూ గున్మా ప్రాంతానికి తీసుకెళ్లింది. జపాన్‌లో పండే కొన్యాకు దుంపలో పదింట తొమ్మిది వంతులు ఒక్క గున్మాలోనే పండుతుంది. కొబ్బరికాయ అనగానే మనకు కోనసీమ గుర్తొచ్చినట్టు, కొన్యాకు అంటే వాళ్లకు గున్మాలోని షిమొనితా.

దారిలో తకసాకి. ఆ ఊరు దరుమా బొమ్మలకు పేరుపడింది. ఎర్రగా గుండ్రంగా, కనుగుడ్లు లేకుండా కొట్టు అరుగుల మీద కూర్చుని ఉంటాయి. ఏదైనా కోరుకుని ఒక కన్ను దిద్దాలట, కోరిక తీరాక రెండోది. ఏటికొప్పాక లక్క బొమ్మల పక్కన పెట్టడానికి మనవరాలు ఒకటి కొనిపించింది. తకసాకిలో జోషిన్ లైను అనే చిన్న ప్రైవేటు రైలు ఎక్కాలి. 1897లో మొదలైన లైను, పొడవు 33.7 కిలోమీటర్లు. రెండు పెట్టెలు, ఆదరాబాదరా లేని నడక. టీచరమ్మకు కొవ్వూరు, నిడదవోలు మధ్య తిరిగిన పాత ప్యాసింజర్లు గుర్తొచ్చాయి. మధ్యలో తోమియోకా స్టేషను వస్తుంది. 1872లో ప్రభుత్వం పెట్టిన పట్టు మిల్లు అక్కడే ఉంది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఈ లోయలో ఒకప్పుడు ఎటు చూసినా మల్బరీ తోటలట. పట్టు గిరాకీ పడిపోయాక ఆ పొలాల్లో చాలావాటిలోకి కొన్యాకు వచ్చింది.

కిటికీకి ఒక పక్క కబురా ఏరు, మరో పక్క మ్యోగి కొండ. మన సింహాచలం కొండ పచ్చగా, ఒంపుగా, పడుకున్న ఏనుగు వీపులా ఉంటుంది. మ్యోగి అలా కాదు. విరిగిన రంపం పళ్లలా ఆకాశాన్ని కొరుకుతుంటుంది. నవంబరు కావడంతో కొండ కింది చెట్లు కుంకుమ, పసుపు కలగలిపిన రంగులో ఉన్నాయి. లైను చివర షిమొనితా. దాని తర్వాత పట్టాలు లేవు.

కూతురి ఆఫీసు స్నేహితురాలి ద్వారా ముందే మాట్లాడుకున్న ఒక రైతు ఇంటికి వెళ్లారు. ముసలి దంపతులిద్దరే ఉంటున్నారు. పొలం వాలు మీద ఉంది, రాళ్ల నేల, నీరు నిలవదు. కొన్యాకుకు అదే కావాలి. ఎండ మరీ ఎక్కువైనా ఆకు మాడుతుంది, తడి ఎక్కువైనా, గాయం తగిలినా దుంప కుళ్లుతుంది. మంచు పడితే చచ్చిపోతుంది. అందుకే వసంతంలో పిల్ల దుంపలు నాటి, శీతాకాలానికి ముందే తవ్వి, వెచ్చటి గదిలో దాచి, మళ్లీ వసంతంలో నాటుతారు. అలా రెండుసార్లు నాటి తవ్వి, మూడో ఏటి శరదృతువులో గానీ అమ్మకానికి తీయరు. ఒకే దుంపను మూడు సంవత్సరాల పాటు పడుకోబెట్టి లేపడమే.

టీచరమ్మ అక్కడ కొంచెం గర్వపడింది. కొవ్వూరు కంద ఎనిమిది, తొమ్మిది నెలల్లో చేతికొస్తుంది. దేశంలో చాలా చోట్ల వేస్తున్న, దురద లేని ‘గజేంద్ర’ కంద కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం ఎంపిక చేసిన రకమే. ఆ మాట కూతురు అనువదించి చెప్పగానే పెద్దాయన తలూపి, తమ దుంపను చూపిస్తూ ‘అకగి ఓదమా’ అన్నాడు. అంటే అకగి కొండ పెద్ద గుండు. అటు గజరాజు, ఇటు కొండ గుండు. దుంపలకు పేర్లు పెట్టడంలో రెండు దేశాల శాస్త్రవేత్తలూ ఎక్కడా తగ్గలేదు.

వంటింట్లో ఇంటావిడ రబ్బరు తొడుగులు తెచ్చింది. టీచరమ్మ వాటిని పక్కన పెట్టి, సైగలతో నూనె అడిగి, మోచేతుల దాకా రాసుకుంది. కంద తరిగేటప్పుడు మన ఇళ్లలో చేసే పనే అది. ముసలావిడ కాసేపు చూసి నవ్వి, తనూ ఒక చేతికి నూనె రాసుకుని, రెండో చేతికి తొడుగు వేసుకుంది. ఆ పూట పాఠానికి భాష పెద్దగా అవసరం పడలేదు.

చేసే పద్ధతి ఇదీ. దుంపను కడిగి, తొక్క కొంచెం ఉంచే ముక్కలు చేసి, ఉడికించి, నీళ్లతో మెత్తగా రుబ్బి పెట్టారు. గంటసేపటికి అది సగ్గుబియ్యం జావకంటే చిక్కగా, గరిటె నిలబడేలా తయారైంది. అప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి ఒకే దిక్కుగా పిసకడం మొదలుపెట్టింది ఒబాసాన్, అంటే మామ్మ. తర్వాత ఒక చిన్న గిన్నెలోంచి తెల్లని నీళ్లు ఒక్కసారిగా దానిలో కుమ్మరించింది. ముద్ద విరిగిన పాలలా ముక్కలైపోయింది. పాడైందనుకుని టీచరమ్మ “అయ్యో” అంది. మామ్మ మాత్రం ఆగకుండా పిసికింది. రెండు నిమిషాల్లో ముక్కలన్నీ మళ్లీ కలిసి, చేతికంటకుండా ఒకే ముద్దయింది.

ఆ తెల్లని నీళ్లు సున్నం నీళ్లు. మన తాంబూలంలో సున్నమే, కాల్షియం హైడ్రాక్సైడ్. పాతకాలంలో గడ్డి బూడిద తేట వాడేవారట. క్షారం తగలగానే గ్లూకోమన్నన్ గొలుసుల మీదున్న ఎసిటైల్ గుంపులు ఊడిపోతాయి, గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అలా కట్టిన ముద్ద మళ్లీ కరగదు. చైనా గడ్డి వేడి తగిలితే నీరైపోతుంది. కొన్యాకును గంటలకొద్దీ మరిగించినా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. దుంప దురద కూడా ఈ ఉడకబెట్టడంలో, సున్నంలో, తర్వాత నానబెట్టే నీళ్లలో పోతుంది.

అక్కడ టీచరమ్మ ఆలోచనలో పడిందట. తన పుట్టింట్లో కంద అంటే చింతపండు. లేదంటే పుల్లటి మజ్జిగ. దురదను పులుపుతో అణచాలని ఎవరు ఎప్పుడు కనిపెట్టారో గానీ, గోదావరి వంటిళ్లన్నీ దానికే కట్టుబడ్డాయి. అదే గోత్రపు దుంపను ఇక్కడివాళ్లు సరిగ్గా ఎదురు దారిలో లొంగదీశారు. పులుపుకు బదులు క్షారం. ఒకచోట ఆమ్లం, మరోచోట క్షారం. మధ్యలో ఎన్ని తరాల వాళ్ల గొంతులు దురదపెట్టి ఉంటాయో! విషంలాంటి దుంపను కూర చేసిన మొదటి మనిషికి ఏ దేశంలోనూ విగ్రహం లేదు.

మధ్యాహ్నం భోజనంలో ఆ కొన్యాకునే సన్నగా పొరలుగా కోసి పెట్టారు. చేప ముక్కల్లా పచ్చిగా కనిపించే ఈ వంటకానికి ‘యమఫుగు’ అనే ముద్దు పేరుంది. కొండమీది ఫుగు చేప అని అర్థం. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల సరదా అది. పక్కన నంజుకోవడానికి మిసో అనే పులియబెట్టిన సోయా పేస్టు, వెనిగరు, ఆవ కలిపిన ముద్ద. ఆవ ఘాటు ముక్కుకెక్కగానే టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కంద బచ్చలికీ ఆవే కదా పెడతాం! పెళ్లి భోజనంలో వేడి అన్నంలో ఆవ పెట్టిన కంద బచ్చలి, పైన నూనె చుక్క. ఐదారు వేల కిలోమీటర్ల దూరంలో, ఒకరి వంట ఒకరికి తెలియకుండా, ఆ దుంపలకు రెండు చోట్లా ఆవే తోడు దొరికింది.

శాకాహారులకు ఒక మాట. కొన్యాకు ఒట్టి దుంపే అయినా, దాన్ని ఉడికించే పులుసు చాలాసార్లు చేప ముక్కలతో కాచిన ‘దాషి’. చలికాలంలో చిన్న కొట్లలో ఆవిర్లు కక్కుతూ కనిపించే ఓదెన్ గిన్నెలోని కొన్యాకు చూసి మనది అనుకోకూడదు. అడిగి తినాలి. తీపి మిసో పూసి పుల్లకు గుచ్చి ఇచ్చేది టీచరమ్మకు నచ్చింది. కాకపోతే అందులోనూ ఏం కలిపారో అడగడమే క్షేమం.

తిరుగుదారిలో కన్రా ఊళ్లోని కొన్యాకు పార్కుకు వెళ్లారు. ఫ్యాక్టరీ చూడ్డం ఉచితం, కొన్యాకు వంటకాల బఫే కూడా ఉచితం. జనం బారులు తీరారు. రంగురంగుల జెల్లీలు, రామెన్, వేపుడు, అన్నీ దాంతోనే. టీచరమ్మకు అది పెద్దగా పట్టలేదు. కానీ అక్కడ తెలిసిన ఒక సంగతి మాత్రం నచ్చింది. పొడితో చేస్తే కొన్యాకు తెల్లగా వస్తుంది. పూర్వం పచ్చి దుంపను తొక్కతో రుబ్బేవారు కాబట్టి మచ్చలు మచ్చలుగా ఉండేది. జనం ఆ మచ్చల్నే అసలు కొన్యాకనుకున్నారు. అందుకని ఇప్పుడు తెల్లటి కొన్యాకులో సముద్రపు నాచు పొడి కలిపి కావాలని మచ్చలు తెప్పిస్తున్నారు. మర బియ్యం తినే మనం తవుడున్న బియ్యం ఎక్కువ ధర పెట్టి కొనడం గుర్తొస్తుంది.

ఆ పొడి వెనక కూడా ఓ రైతు ఉన్నాడు. పచ్చి దుంప తొందరగా కుళ్లిపోతుంది, దూరం పోదు. 1770ల్లో ఇప్పటి ఇబరాకి ప్రాంతంలోని నకజిమా తోఎమోన్ దుంపను పలచగా కోసి ఎండబెట్టి పొడిచేసే పద్ధతి కనిపెట్టాడు. ఎండిన చక్కలను రోట్లో దంచుతూ గాలి విసిరితే, తేలికైన పిండి ఎగిరిపోతుంది, బరువైన గ్లూకోమన్నన్ రేణువులు కిందే మిగులుతాయి. మన చేట చెరుగుడే. కాకపోతే మనం గింజ ఉంచుకుని పొట్టు వదిలేస్తాం, వాళ్లు పీచు ఉంచుకుని పిండి వదిలేశారు. తిండికి కరువున్న రోజుల్లో పిండిని గాలికి వదిలేయడం టీచరమ్మకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

టోక్యో చేరాక అసాకుసాలోని సెన్సోజి గుడికి వెళ్లారు. అక్కడ ఏటా ఫిబ్రవరి 8న సూదులకు పూజ జరుగుతుంది. ఏడాదంతా కుట్టి విరిగిన సూదులను తెచ్చి, మెత్తని తోఫులో గుచ్చి సాగనంపుతారు. కొన్ని గుళ్లలో తోఫు బదులు కొన్యాకు. ఇన్నాళ్లూ గట్టి బట్టల్లో దూరిన సూదికి చివరికి మెత్తని పడక. దసరాకు కుట్టుమిషనుకు బొట్టు పెట్టే మనకు ఇందులో వింతేమీ లేదు.

ఆ మెత్తని కొన్యాకుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జపాన్ సైన్యం అమెరికా మీదికి గాలివాటున వదిలిన ‘ఫుగో’ బెలూన్లు పట్టుతో చేసినవి కావు. చేతితో చేసిన కాగితాన్ని పొరలుగా కొన్యాకు జిగురుతో అతికించి, పది మీటర్ల వెడల్పు బుడగలు చేశారు. అతికించిన చేతుల్లో చాలావరకు బడి ఆడపిల్లలవి. ఆకలికి తట్టుకోలేక ఆ జిగురును తిన్నవాళ్లూ ఉన్నారని చెబుతారు. 1944 నవంబరు నుంచి 1945 ఏప్రిల్ దాకా సుమారు 9,300 వదిలారు. 1945 మే 5న ఒరెగాన్‌లో బ్లై అనే ఊరి దగ్గర అడవికి షికారు వెళ్లిన ఒక గర్భిణి, ఐదుగురు పిల్లలు అలాంటి ఒక బెలూను బాంబుకు చనిపోయారు.

విశాఖ మనిషికి ఈ కథ పరాయిది కాదు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారు. టీచరమ్మ అత్తగారు అప్పుడు చంటిపిల్ల. బండిలో ఎత్తుకుపోయారని ఇంట్లో చెప్పుకునేవారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే పోర్టు నుంచి అదే దేశానికి ఇనుము పంపే ఒప్పందాలయ్యాయి. ఇప్పుడు అదే దేశంలో ఆ ఇంటి ముని మనవరాలు కొన్యాకు బొమ్మలు గీస్తోంది. సెన్సోజి మెట్ల మీద కూర్చుని ఇదంతా కూతురికి చెబుతుంటే, “ఇక్కడెవరికైనా తెలుసా అమ్మా ఈ సంగతి?” అందట కూతురు. టీచరమ్మ దగ్గర జవాబు లేకపోయింది.

దుంపను వెంట తెచ్చుకోవాలనే ఉంది గానీ, మొక్కలూ దుంపలూ అలా సంచిలో వేసుకుని దేశాలు దాటించకూడదు. అందుకే పొడి.

ఇంటికొచ్చిన నాలుగో రోజు గోపాలపట్నం రైతుబజారుకు వెళ్లింది. “కంద తీసుకెళ్లమ్మా, దురదెట్టదు. దురదెడితే రేపట్టుకొచ్చి నా మొకాన కొట్టు” అంది కూరల మనిషి. కొనడం కూర కోసం కాదని ఆవిడకు తెలియదు. ఒకే గోత్రం కదా, కందతో కూడా కొన్యాకు అవుతుందేమో చూడాలని టీచరమ్మ పంతం. ఉడికించింది, రుబ్బింది, గంట నానబెట్టింది, పాన్ షాపులో కొన్న సున్నం నీళ్లలో కలిపి తేట పోసింది. ముద్ద పచ్చగా తిరిగి అలాగే కూర్చుంది. వేడినీళ్లలో వేయగానే విడిపోయి గంజి అయింది. కావాల్సిన పీచు లేనిచోట సున్నం మాత్రం ఏం చేస్తుంది? కందది పిండి శరీరం. భర్త, స్టీల్‌ప్లాంటులో జీవితమంతా కొలిమి చూసిన మనిషి, వంటింటి గుమ్మంలో నిలబడి, “కందకు లేని దురద కత్తిపీటకెందుకే?” అని వెళ్లిపోయాడు.

తర్వాత పొడి తీసింది. లెక్క ఇదీ. 25 గ్రాముల పొడి, ముప్పావు లీటరు గోరువెచ్చని నీళ్లు, గ్రామున్నర తినే సున్నం అరగ్లాసు కంటే తక్కువ నీళ్లలో. పొడిని చల్లుతూ కలపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. గంట వదిలేయాలి. సున్నం నీళ్లు ఒకేసారి పోసి గబగబా పిసకాలి. మొదటిసారి ఆవిడ పోపులో నీళ్లు పోసినట్టు కొద్దికొద్దిగా పోసింది. సగం కట్టింది, సగం జావగానే ఉంది. అది పెరట్లోకి పోయింది. రెండోసారి ముద్ద బాగా వచ్చింది. పళ్లెంలో సర్ది, ముక్కలు కోసి, అరగంట ఉడికించి, నీళ్లు మార్చి మార్చి నానబెట్టింది.

నూడుల్స్ మూడోసారి. జపాన్‌లో సన్నటి కొన్యాకు దారాలను ‘షిరతాకి’ అంటారు, తెల్ల జలపాతమని అర్థం. చిల్లుల్లోంచి వేడినీళ్లలోకి వత్తితే జలపాతంలాగే దిగుతాయి. దానికి వేరే యంత్రమెందుకు, మన జంతికల గొట్టం ఉండగా? కారప్పూస బిళ్ల వేసి, మసిలే నీళ్ల మీద పట్టుకుని వత్తింది. దీపావళికి నూనెలో చేసే పని కార్తీకం వెళ్లాక నీళ్లలో చేసింది. దారాలు దిగాయి, ఒకదానికొకటి అంటుకోలేదు, పది నిమిషాల్లో తేటబడ్డాయి. పక్కింటి అమ్మాయి వీడియో తీసుకుంది.

వాసన సంగతి మామ్మ ముందే చెప్పింది. ఉప్పు వేసి నలిపి, నీళ్లలో ఒక ఉడుకు రానిచ్చి, వార్చి, నూనె లేకుండా ఒట్టి మూకుట్లో వేయించాలి. కీచుకీచుమని శబ్దం వచ్చేదాకా. అప్పుడు చేపల వాసన పోతుంది. లోపలి నీరు కొంత తగ్గి రుచి కూడా పట్టుకుంటుంది. ఈ మెట్టు దాటేసి, ప్యాకెట్ చింపి నేరుగా మసాలా కలిపి “ఛీ, ఇదేం తిండి” అనేవాళ్లు మన దగ్గర చాలామంది. తప్పు తిండిది కాదు.

తినడం దగ్గరికొస్తే ఆవిడ తీర్పు కటువుగానే ఉంది. వీటిని నూడుల్స్ అనుకుంటే నిరాశే. సోయా సాస్‌తో బజారు నూడుల్స్‌లా చేస్తే సాస్ ఒకచోట, దారాలు ఒకచోట. నిమ్మకాయ పులిహోర పోపు వేస్తే పర్వాలేదు. ముక్కల పులుసులో గంటసేపు మగ్గనిస్తే మాత్రం బాగుంది. పులుసు ఎంత మరిగినా ఇవి కరగవు, మునక్కాయ, ఆనపకాయ ముక్కల మధ్య పులుపు పీల్చుకుని కూర్చుంటాయి. నాలుగోసారి బచ్చలితో కలిపి ఆవ పెట్టింది. రుచి వచ్చింది గానీ బచ్చలి జిగురు, కొన్యాకు నునుపు కలిసి అన్నం ముద్దలో ఏదీ నిలవలేదు. జారుడు మీద జారుడు. కంద బచ్చలికి కందే ఉండాలని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

అల్లుడి షుగరు కోసం మొదలైన కథ కాబట్టి ఆ లెక్కా చెప్పాలి. 100 గ్రాముల కొన్యాకులో పది కేలరీలు కూడా ఉండవు, అదే అన్నంలో 130 దాకా ఉంటాయి. బరువు తగ్గే విషయంలో యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఒప్పుకున్నది ఇంతే. రోజుకు 3 గ్రాముల గ్లూకోమన్నన్‌ను మూడు విడతలుగా, భోజనానికి ముందు, ఒకటి రెండు గ్లాసుల నీళ్లతో, అదీ మొత్తం తిండి తగ్గించుకున్నప్పుడు తీసుకుంటే కొంత సాయపడుతుంది. అన్నం మానకుండా పక్కన ఇది కూడా తింటే ఒరిగేదేమీ లేదు. పొడిని నీళ్లు లేకుండా నోట్లో వేసుకోవడం ప్రమాదం, గొంతులోనే ఉబ్బుతుంది. కొంజాక్‌తో చేసిన చిన్న కప్పు జెల్లీలు పిల్లల గొంతుకడ్డం పడుతున్నాయని 2001లో అమెరికా వాటి దిగుమతిని ఆపేసింది. మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

జపాన్‌లో పాతవాళ్లు కొన్యాకును కడుపులో ఇసుక ఊడ్చే చీపురంటారు. రైతింటి మామ్మ కంచంలో అది నాలుగు ముక్కలకు మించి లేదు. పక్కన అన్నం ఉంది, ముల్లంగి ఉంది, షిమొనితాలో పండే లావుపాటి ఉల్లికాడ ఉంది. చీపురుతో ఊడుస్తారు గానీ చీపురును భోంచేయరు కదా. మనం ప్యాకెట్ మీద సున్నా కేలరీలని చూసి దాన్నే కంచం నిండా పెట్టుకుంటున్నాం.

టీచరమ్మ రైతుబజారులో కంద కొంటూనే ఉంది. చింతపండు రేటు పెరిగిందని సణుగుతూనే ఉంది. పొడి సీసాలో ఇంకా 50 గ్రాములుంది. ఇంకో రెండుసార్లకు వస్తుంది.